మాటకు ముందు చేతులు

పసిపిల్లలను ఇంగ్లీషులో ‘ఇన్‌ఫెంట్’ అంటారు. ఆ మాటకు మూలమైన లాటిన్ పదానికి ‘మాట్లాడలేనిది’ అని అర్థం. మన దగ్గరా అంతే. ‘మీ పాపకి మాటలొచ్చాయా?’ అన్న ప్రశ్నతోనే ఏడాది పిల్లల ఎదుగుదలను కొలుస్తాం. మాటలు రాని కాలమంటే భాష లేని కాలమనే మన నమ్మకం. కానీ ఆ ఏడాదంతా తల్లీబిడ్డల మధ్య ఎంత సంభాషణ నడుస్తుందో పిల్లల్ని పెంచిన వాళ్ళకు తెలుసు. చందమామని చెయ్యి చాచి పిలవడం, దేవుడి పటానికి జేజే పెట్టడం, వెళ్ళే వాళ్ళకి టాటా చెప్పడం, తారంగం ఆడడం, గిన్నె ఖాళీ అయితే ‘అయిపోయింది’ అని రెండు చేతులూ తిప్పి చూపడం. ఇవన్నీ నోటికి ఒక్క మాటైనా రాకముందే చేతులకు వచ్చేస్తాయి. నేర్పేది అమ్మ, అమ్మమ్మ, నానమ్మ, చంటిదాన్ని చంకనేసుకుని తిరిగే అక్క, ఇంట్లో పనిచేసే ఆమె. నేర్పుతున్నామని వాళ్ళూ అనుకోరు, మనమూ అనుకోం. దాన్ని మనం ‘ఆడించడం’ అంటాం.

ఆడవాళ్ళు చేసే చాలా పనుల్లాగే దీన్ని కూడా ఎవరూ పనిగా లెక్కపెట్టలేదు. జోలపాటల, పిల్లల పాటల సంకలనాలు తీసి చూడండి. పాట ఉంటుంది. రాగం పేరు కూడా ఒక్కోసారి ఉంటుంది. పాటతో పాటు కదిలిన చెయ్యి మాత్రం ఉండదు. ఆ చెయ్యి లేకుండా ఆ పాట బిడ్డకు సగమే అందుతుందన్న సంగతి అచ్చులో పడలేదు.

గత నలభై ఏళ్ళలో ఈ ‘ఆడించడం’ ఒక శాస్త్రమైంది, ఆ వెంటనే ఒక సరుకు కూడా అయింది. మాటలు రాని పిల్లలకు సైగల భాష నేర్పే పద్ధతికి అమెరికాలో ‘బేబీ సైన్’ అని పేరు. పుస్తకాలు, తరగతులు, బొమ్మల కార్డులు, వీడియోలు వచ్చాయి. ఆ సైగల్లో చాలా భాగం ఎక్కడివి? బధిరుల భాషలోవి. ఆ భాష మాట్లాడినందుకు చెవిటి పిల్లల చేతుల మీద కొట్టిన కాలం ఒకటుంది. వినగలిగే పిల్లలకు తెలివితేటల కానుకగా మారిన భాష వినలేని పిల్లలకు నిషిద్ధమెలా అయింది? ఈ ప్రశ్నకు జవాబు తల్లుల చరిత్రలో ఉంది.

*

1760ల పారిస్‌లో అబే ద లెపే అనే మతాచార్యుడు ఇద్దరు చెవిటి అక్కచెల్లెళ్ళను చూశాడనీ, వాళ్ళకు చదువు చెప్పమని ఆ పిల్లల తల్లి అడిగిందనీ, దానితో బధిరుల చదువుకు ఆయన పూనుకున్నాడనీ చరిత్ర చెబుతుంది. ఆ అక్కచెల్లెళ్ళు ఒకరితో ఒకరు ఏ సైగల్లో మాట్లాడుకునేవారో మాత్రం చెప్పదు. గురువు పేరు నిలిచింది. ఆ గురువుకు దారి చూపిన ఆడపిల్లల చేతులు కథకు ప్రారంభ వాక్యంగా మిగిలాయి.

అమెరికాలో 1817లో కనెటికట్ రాష్ట్రంలోని హార్ట్‌ఫర్డ్‌లో మొదలైన బధిరుల పాఠశాల వెనుక కూడా ఒక ఆడపిల్ల ఉంది. ఆమె ఆలిస్ కాగ్స్‌వెల్. పొరుగింటి చెవిటి పిల్ల అయిన ఆలిస్‌ను చూసే థామస్ గాలడెట్ ఈ పనిలోకి దిగాడు. పారిస్ బడి నుంచి లోరాన్ క్లెర్క్ అనే బధిర ఉపాధ్యాయుణ్ణి వెంటబెట్టుకొచ్చాడు. ఆ బడిలో మొదటి ఏడాదే చేరిన విద్యార్థినుల్లో సోఫియా ఫౌలర్ ఒకరు. అప్పటికామెకు పందొమ్మిదేళ్ళు. 1821లో గాలడెట్‌ను పెళ్ళి చేసుకుంది. ఎనిమిది మంది పిల్లల్ని కంది. భర్త పోయాక 1857లో, ఇరవై ఏళ్ళ కొడుకు ఎడ్వర్డ్ వాషింగ్టన్‌లో బధిరుల బడి బాధ్యత తీసుకుంటే తను అక్కడ మేట్రన్‌గా పనిచేసింది. ఆ బడే 1864లో డిగ్రీలు ఇచ్చే కళాశాల అయింది, ఇప్పుడు గాలడెట్ విశ్వవిద్యాలయం. వినికిడి ఉన్న ఎడ్వర్డ్‌కు సైగల భాష తల్లి భాష. మాతృభాష అన్న మాటను ఇంత అక్షరాలా వాడగల సందర్భాలు తక్కువ.

అదే కాలంలో ఇంకో కొడుకున్నాడు. అతని తల్లి ఎలైజా చిత్రకారిణి, పియానో వాయించేది, చెవులు సరిగా వినబడవు. కొడుకు వేళ్ళతో అక్షరాలు చూపిస్తూ చుట్టూ జరిగే సంభాషణలు ఆమెకు అందించేవాడు. ఆ కొడుకు పేరు అలెగ్జాండర్ గ్రాహం బెల్. టెలిఫోన్ కనిపెట్టినవాడిగా బడిపుస్తకాల్లో చదువుకుంటాం. అతని భార్య మేబెల్‌కు కూడా ఐదేళ్ళ వయసులో వచ్చిన జ్వరంతో వినికిడి పోయింది. ఇద్దరు బధిర స్త్రీల మధ్య బతికిన ఈ మనిషి, సైగల భాషను బడుల నుంచి తొలగించాలని వాదించిన వాళ్ళలో అందరికన్నా పలుకుబడి ఉన్నవాడు. 1883లో అమెరికా జాతీయ విజ్ఞాన అకాడెమీ ముందు చదివిన పత్రంలో, బధిరులు బధిరుల్నే పెళ్ళాడుతూ పోతే మనుషుల్లో ఒక చెవిటి జాతి తయారవుతుందని హెచ్చరించాడు. వాళ్ళను ఒకచోట చేర్చే వసతి బడులు, వాళ్ళకో భాష, బధిర ఉపాధ్యాయులు, ఈ మూడూ వద్దన్నాడు.

సోఫియా కొడుకూ ఎలైజా కొడుకూ జీవితమంతా వాదించుకున్నారు. ఇద్దరూ తల్లి చేతుల దగ్గర పెరిగిన వాళ్ళే. ఒకడు ఆ చేతుల్లో భాషను చూశాడు, ఇంకొకడు లోపాన్ని చూశాడు. చరిత్ర చాలాకాలం రెండోవాడి వైపే నిలబడింది.

1880లో ఇటలీలోని మిలాన్ నగరంలో బధిర విద్యపై అంతర్జాతీయ మహాసభ జరిగింది. 164 మంది ప్రతినిధులు. వాళ్ళలో బధిరుడు ఒక్కడే, జేమ్స్ డెనిసన్. సైగల కన్నా నోటిమాటే శ్రేష్ఠమని, బడుల్లో నోటిమాటతోనే బోధించాలని 160 మంది ఓటేశారు. వ్యతిరేకించిన కొద్దిమందిలో ఎడ్వర్డ్ గాలడెట్ ఉన్నాడు. ఎవరి భాష గురించి మాట్లాడుతున్నారో వాళ్ళు సభలో లేకుండా తీర్మానాలు చేయడం మనకు కొత్త సంగతేమీ కాదు. సతి గురించీ వితంతు వివాహం గురించీ అదే శతాబ్దంలో మన దగ్గర జరిగిన చర్చల్లోనూ ఆడవాళ్ళు అంతే తక్కువగా వినిపిస్తారు. మిలాన్ తీర్మానాలు ప్రపంచమంతటా బడుల్ని మార్చేశాయి. చేతులు కదిపిన పిల్లలకు దెబ్బలు పడ్డాయి, చేతులు కట్టుకుని కూర్చోమన్నారు. ఆ సభల పరంపరలోనే 2010లో కెనడాలోని వాంకూవర్‌లో జరిగిన మహాసభ ఆ తీర్మానాలను తిరస్కరించి విచారం ప్రకటించింది. నూట ముప్ఫై ఏళ్ళు పట్టింది.

ఈ మార్పులో స్త్రీవాదులు తప్పక గమనించాల్సిన కోణం ఒకటుంది. నోటితో మాట్లాడడం నేర్పాలంటే ఒక్కో పిల్ల ముందు గంటల తరబడి కూర్చోవాలి. పెదవులు చూపించాలి, గొంతు మీద పిల్ల చెయ్యి పెట్టించి ఆ కదలిక తెలిసేలా చెయ్యాలి. ఎక్కువమంది ఉపాధ్యాయులు కావాలి, తక్కువ జీతానికి కావాలి. దాంతో వినికిడి ఉన్న ఆడవాళ్ళు పెద్ద సంఖ్యలో ఈ ఉద్యోగాల్లోకి వచ్చారు. ఓర్పు, మాతృత్వ స్వభావం వాళ్ళకు సహజమన్నారు. 1850 ప్రాంతంలో అమెరికా బధిర బడుల ఉపాధ్యాయుల్లో చాలామంది బధిరులే. శతాబ్దం మారేసరికి వాళ్ళు నాలుగో వంతుకు పడిపోయారు. ఒక తరగతి స్త్రీలకు దొరికిన ఉద్యోగం మరో సమూహపు స్త్రీపురుషుల ఉద్యోగాన్నీ భాషనూ తీసేసి ఇచ్చింది. స్త్రీలందరి ప్రయోజనం ఒకటే కాదని దళిత స్త్రీలు మనకు చెప్పిన పాఠం ఇక్కడా వర్తిస్తుంది.

బధిర స్త్రీలు ఊరుకున్నారనుకోవద్దు. వాషింగ్టన్ కళాశాల 1887 దాకా అమ్మాయిల్ని సక్రమంగా చేర్చుకోలేదు. 1893లో అక్కడ బి.ఏ. డిగ్రీ పూర్తి చేసిన మొదటి స్త్రీ అగాథా టీగెల్. ఏడేళ్ళ వయసులో వినికిడీ ఒక కంటి చూపూ పోగొట్టుకుంది. పట్టభద్రుల సభలో ఆమె ఎంచుకున్న ప్రసంగాంశం ‘స్త్రీ మేధ’. స్త్రీగా, బధిరగా తన మీద ఉన్న రెండు అనుమానాలకూ ఆమె ఒకేసారి జవాబు చెప్పుకోవలసి వచ్చింది.

*

1960లో విలియం స్టోకీ అనే ఇంగ్లీషు అధ్యాపకుడు అమెరికన్ సైగల భాషకు సొంత నిర్మాణముందని నిరూపించాడు. 1965లో వచ్చిన ఆ భాష నిఘంటువులో ఆయనతో పాటు ఇద్దరు బధిర సహరచయితలున్నారు. వారిలో డొరొతీ కాస్టర్‌లైన్ ఒకరు. సైగలంటే ఊరికే చేతులూపడం కాదని విశ్వవిద్యాలయాలు ఒప్పుకున్నాకే పసిపిల్లల చేతుల మీద పరిశోధకుల చూపు పడింది.

ఇక్కడి నుంచి చాలావరకు స్త్రీ పరిశోధకుల కథ. 1977లో సూసన్ గోల్డిన్-మెడో, ఆమె సహచరులు, సైగల భాష తెలియని తల్లిదండ్రులకు పుట్టిన చెవిటి పిల్లలు తమంతట తామే ఒక క్రమం ఉన్న సైగల వ్యవస్థను తయారు చేసుకుంటారని చూపించారు. 1991లో లారా ఆన్ పెటిటో, పౌలా మారెంటెట్ ఇంకో సంగతి బయటపెట్టారు. వినగలిగే పిల్లలు ఏడెనిమిది నెలలకు ‘బబ్బబ్బ’, ‘దద్దద్ద’ అని ముద్దు పలుకులు పలికినట్టే, బధిర తల్లిదండ్రుల పిల్లలు చేతులతో ముద్దుపలుకులు పలుకుతారు. భాష నోటి కోసమే పుట్టిందన్న పాత నమ్మకానికి ఇది పెద్ద దెబ్బ. చుట్టూ భాష ఉంటే చాలు, అది చెవి నుంచి వచ్చినా కంటి నుంచి వచ్చినా బిడ్డ అందుకుంటుంది.

‘బేబీ సైన్’ కథ ఒక తల్లి చూపుతో మొదలైంది. 1982లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం డేవిస్ ప్రాంగణంలో మనస్తత్వ శాస్త్రం బోధించే లిండా అక్రెడోలో, ఏడాది వయసున్న తన కూతురు పువ్వును చూసి ముక్కు ఎగబీల్చడం గమనించింది. ‘పువ్వు’ అనడానికి ఆ పిల్ల కనిపెట్టుకున్న గుర్తు అది. ఆ పిల్లే చేపకు ‘ఉఫ్’ అని ఊదేది. ఉయ్యాల మీద వేలాడే బొమ్మచేపలు కదలాలని అమ్మ ఊదడం చూసి నేర్చింది. అక్రెడోలో తన సహపరిశోధకురాలు సూసన్ గుడ్విన్‌తో కలిసి ఇలాంటి గుర్తులు చాలామంది పిల్లలు తయారు చేసుకుంటారని తేల్చింది. అదే దశాబ్దంలో జోసెఫ్ గార్సియా అనే సైగల భాష దుబాసీ బధిర తల్లిదండ్రుల ఇళ్ళలో వినగలిగే పిల్లలు ముందుగా సైగలతో మాట్లాడడం చూసి, అమెరికన్ సైగల భాషలోని గుర్తులే మిగతా ఇళ్ళలోనూ నేర్పాలన్నాడు. 1996లో అక్రెడోలో, గుడ్విన్‌ల పుస్తకం వచ్చింది. 2004లో ‘మీట్ ద ఫాకర్స్’ అనే హాలీవుడ్ హాస్యచిత్రంలో సైగలు చేసే చంటిపిల్లాడు కనిపించేసరికి ఈ పద్ధతి అందరి నోళ్ళలోనూ పడింది.

ఇంత పని చేసిన స్త్రీల పట్ల గౌరవంతోనే ఒక మాట అడగాలి. తల్లి గమనింపుగా మొదలైనది తల్లికి పెట్టే పరీక్షగా ఎప్పుడు మారింది? సైగలు నేర్పితే మాటలు తొందరగా వస్తాయనీ, తెలివి పెరుగుతుందనీ ప్రచారం మొదలయ్యాక, నేర్పని తల్లి ఏదో తక్కువ చేసిన తల్లి అయిపోయింది. ఆధారాలు ఆ ప్రచారమంత గట్టివి కావు. 2005లో జాన్స్టన్, ఆమె సహచరులు అప్పటి దాకా వచ్చిన పరిశోధనల్ని జల్లెడ పట్టి, లెక్కకు తీసుకోదగ్గ పదిహేడు నివేదికలు చూసి, ఈ ప్రయోజనాలు రుజువయ్యాయని చెప్పలేమన్నారు. 2013లో ఇంగ్లండ్‌లో ఎలిజబెత్ కర్క్ బృందం నలభై మంది పిల్లల్ని ఎనిమిదో నెల నుంచి ఇరవయ్యో నెల వరకు పరిశీలించింది. సైగలు నేర్చిన పిల్లలకు మాటలు ముందుగానూ రాలేదు, ఆలస్యంగానూ రాలేదు. మార్పు తల్లుల్లో కనిపించింది. సైగలు వాడిన తల్లులు బిడ్డ మాటల్లో చెప్పనిదాన్ని ఎక్కువ పట్టించుకున్నారు, బిడ్డను సొంతంగా పనులు చేయనిచ్చారు.

ఈ ఫలితాన్ని రెండు రకాలుగా చదవచ్చు. ‘చూశారా, తల్లి శ్రద్ధే ముఖ్యం’ అని మళ్ళీ తల్లి నెత్తిన బరువు పెట్టొచ్చు. లేదా, బిడ్డను చూస్తూ కూర్చోగల తీరిక ఎవరికి ఉంది, ఎవరికి లేదు అని అడగొచ్చు. పొద్దున్నే చంటిదాన్ని పెద్దపిల్లకు అప్పజెప్పి మిరపకాయల కోతకు వెళ్ళే తల్లికి ఆ తీరిక ఎవరిస్తారు? నాకు రెండో చదువే కావాలి.

*

ఈ సైగలు మన ఇళ్ళలోకీ వచ్చాయి, అమెరికా మీదుగా. మా పిన్ని కూతురి పురుటికని డాలస్ వెళ్ళి, మనవరాలు ‘డేకేర్’లో నేర్చుకొచ్చిన సైగల్ని చూసి వచ్చింది. పిడికిలి ముడిచి విప్పుతూ ఉంటే పాలు కావాలని. రెండు చేతుల వేళ్ళకొసలూ తాటించితే ఇంకా కావాలని. కృష్ణా జిల్లాలో గేదెల మధ్య పెరిగిన ఆవిడ మొదటిదాన్ని చూడగానే, ‘ఇది పాలు పితకడమేగా! దీనికో క్లాసెందుకే?’ అందట. నిజంగానే ఆ సైగ పాలు పితికే చెయ్యే. పల్లెటూరి ఆడవాళ్ళకు దాని అర్థం ఎవరూ విప్పి చెప్పనక్కర్లేదు. కానీ ఆ సైగను భాషగా దాచిపెట్టినది బధిరుల సమూహం. ఆ సంగతి డేకేర్ గోడమీది బొమ్మల చార్టులో ఉండదు.

ఇక్కడ, మన ఊళ్ళలో, సంగతి వేరు. 2011 జనాభా లెక్కల ప్రకారం మన దేశంలో వినికిడి లోపం ఉన్నవాళ్ళు యాభై లక్షలకు పైనే. చెవిటి పిల్లల్లో అత్యధికులు వినికిడి ఉన్న తల్లిదండ్రులకే పుడతారు. అంటే ఆ బిడ్డ తల్లికి బిడ్డకు సరిపోయే భాష రాదు. నేర్పేవాళ్ళు కావాలి. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ పథకంలో కాక్లియర్ ఇంప్లాంట్ శస్త్రచికిత్స చేరడం పేద కుటుంబాలకు చిన్న సాయం కాదు. అయితే యంత్రం పెట్టగానే మాట రాదు. ఆపరేషన్ తర్వాత ఏళ్ళ తరబడి శిక్షణ కావాలి. దానికి బిడ్డను తీసుకుని బస్సులెక్కేది తల్లే, ఇంట్లో రోజంతా పాఠం చెప్పేదీ తల్లే. ఆ పని ఏ పథకం లెక్కల్లోనూ లేదు.

కరీంనగర్ వైపు నుంచి నాలుగేళ్ళ పాపను తీసుకుని వారం వారం నగరానికి వచ్చే ఒక తల్లితో మాట్లాడాను. శిక్షణ ఇచ్చేచోట ఆమెకు గట్టిగా చెప్పిన మొదటి నియమం సైగలు చెయ్యవద్దని. ‘చేతులు వాడొద్దన్నరు మేడమ్. పిల్ల చెయ్యి సూపిస్తే సూడనట్టే ఉండుమన్నరు. అట్లయితెనే మాట వస్తదట. కన్నతల్లిని, ఎట్ల సూడకుండ ఉంటా?’ అంది. ఆ పాప అప్పటికి పలికే మాటలు పదికి మించవు. నాలుగేళ్ళ పిల్ల తన ఆకలి, భయం, కోపం, కల, అన్నీ ఆ పది మాటల్లోనే చెప్పుకోవాలి.

ఇది మిలాన్ కాదా? అమెరికాలో వినగలిగే బిడ్డకు ‘సైగలు చెయ్యండి, మాటకు అడ్డం రావు’ అని డబ్బు తీసుకుని చెబుతారు. అదే సైగలు చెవిటి బిడ్డకు మాత్రం మాటను చంపేస్తాయంటారు. మాట రావడానికి పట్టే ఆ మూడు నాలుగేళ్ళే ఏ భాషైనా వేళ్ళూనుకునే కాలం. ఆ కాలంలో చెవికీ కంటికీ కూడా భాష అందని పిల్లలు తర్వాత ఏ భాషనూ పూర్తిగా సొంతం చేసుకోలేక ఇబ్బంది పడతారు. ఇంప్లాంటూ సైగలూ ఒకదానికొకటి శత్రువులు కావు. రెండు భాషల ఇళ్ళలో పిల్లలు పెరగడం తెలుగువాళ్ళకు వింతా కాదు.

మార్పు లేదని కాదు. సికింద్రాబాద్‌లో అలీ యావర్ జంగ్ పేరిట ఉన్న జాతీయ సంస్థ ప్రాంతీయ కేంద్రం చాలాకాలంగా పనిచేస్తోంది. 2015లో ఢిల్లీలో భారతీయ సైగల భాషా పరిశోధన, శిక్షణ కేంద్రం ఏర్పడింది. 2018లో మూడు వేల పదాలతో నిఘంటువు వెలువడింది, 2021 నాటికి పదివేలకు పెరిగింది. కానీ నిఘంటువు ఢిల్లీలో ఉంది. తల్లి కరీంనగర్ బస్సులో ఉంది. ఈ రెండింటి మధ్య నిలబడి నేర్పగలిగేది ఎవరు? మన ఊళ్ళలో ఉన్న బధిర స్త్రీలు. మగ్గాల దగ్గర, కుట్టుమిషన్ల దగ్గర, చిన్న ఉద్యోగాల్లో ఉన్నారు వాళ్ళు. చెవిటి పాప పుట్టిన ఇంటికి సోఫియా గాలడెట్ లాంటి మేట్రన్‌గా వెళ్ళగల వాళ్ళు. వాళ్ళకు శిక్షణా జీతమూ ఇచ్చి ఆ పనికి పిలవాలని ఇప్పటిదాకా మన స్త్రీల సంఘాల కోరికల పత్రాల్లో ఎక్కడా పెద్దగా కనబడదు.

అందుకు కారణం మన భాషలోనే ఉందేమో. ‘గొంతు విప్పడం’, ‘మౌనాన్ని బద్దలు కొట్టడం’, ‘గొంతులేని వాళ్ళ గొంతు’, ఈ మాటలతోనే తెలుగు స్త్రీవాదం నడిచింది. వాటికి గొప్ప బలముంది, చరిత్ర ఉంది. అయినా ఒక బధిర స్త్రీ వాటిని చదివితే ఏమనుకుంటుంది? మౌనం ఆమెకు అణచివేత కాదు, బతుకు. ఆమె మీది అణచివేత ఆమె చేతుల్ని పట్టుకోవడం. ‘చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టు’ అనే సామెతలో ఎప్పుడూ శంఖానికే సానుభూతి. 1986లో వచ్చిన ‘సిరివెన్నెల’ సినిమాలో మాటరాని నాయిక బొమ్మలు గీస్తుంది. మన సాహిత్యంలో, సినిమాల్లో మాటరాని ఆడది ఎప్పుడూ త్యాగానికో అందానికో ప్రతీక. ఆమె మరో బధిర స్త్రీతో కబుర్లు చెప్పుకుంటున్న దృశ్యం, అత్తగారి మీద చేతులతో చాడీలు చెబుతూ పగలబడి నవ్వుతున్న దృశ్యం, మన కథల్లో ఎక్కడుంది?

పసిపిల్లకు సైగలు నేర్పాలా వద్దా అన్నది వినికిడి ఉన్న ఇళ్ళలో సరదా ప్రశ్న. నేర్పితే నష్టం లేదు, నేర్పకపోయినా తారంగం ఉంది. చెవిటి బిడ్డ ఉన్న ఇంట్లో మాత్రం అది భాష ఉంటుందా ఉండదా అన్న ప్రశ్న. ఆ ఇంట్లో తల్లిని చేతులు కట్టుకుని కూర్చోమని చెప్పే హక్కు ఎవరికీ లేదు. మనం పరిశోధకులం, రచయిత్రులం. బధిర స్త్రీల జీవిత కథల్ని వాళ్ళ భాషలోనే, దుబాసీల సాయంతో సేకరించడం మనం చేయగలిగిన పని. పిల్లల పాటల్ని సేకరించే వాళ్ళు ఇకనైనా పాటతో పాటు చేతినీ రాసుకోవడం ఇంకా తేలిక. కరీంనగర్ పాపకు ఈ ఏడాది ఐదు నిండుతాయి. ఆమెకు ఎదురుచూసే వ్యవధి లేదు.